పాత చందమామల మీద తడిగుడ్డ పెట్టకండి

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పేస్తాను, తర్వాత చదివేవాళ్లకు పనికొస్తుంది. విశాఖ లాసన్స్ బే కాలనీలో తాతగారి ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీది రేకు పెట్టెలో 1950ల నుంచి 70ల దాకా వచ్చిన చందమామలు దొరికాయి. కొన్ని విడి సంచికలు, కొన్ని ఏడాదికొకటిగా బైండు చేయించినవి. అడుగున నాన్నగారి ఇంగ్లిషు ఇంద్రజాల్ కామిక్స్ ఉన్నాయి. కాగితం పసుపుబారింది, పిన్నులు తుప్పుపట్టాయి, కొన్నింటికి బూజు పట్టింది, కొన్నింటికి వెన్ను పొడవునా సెల్లోటేపు ఉంది, రెండు సంచికలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. తడిగుడ్డతో తుడిచి, ఎండలో ఆరబెట్టి, అట్టలకు లామినేషన్ చేయించమని బంధువు ఒకరు చెప్పారు. అలా చేయవచ్చా, చేస్తే అమ్మేటప్పుడు ధర పెరుగుతుందా అని అడిగారు.

మూడూ వద్దు. మీ బంధువు మంచి మనసుతోనే చెప్పి ఉంటారు గానీ, ఆ మూడు పనులకు బలైన పుస్తకాలు నా దగ్గరికి చాలానే వస్తుంటాయి. న్యూస్‌ప్రింట్ మీద తడి పడితే ఆ నీరు కాగితంలో పేరుకున్న గోధుమరంగు పదార్థాన్ని కరిగించి పక్కకు మోసుకుపోతుంది. అల వెనక్కి వెళ్లాక ఇసుకలో మిగిలే గీతలా, తడి ఆగిన చోట ఒక ముదురు అంచు తేలుతుంది. మరక పోకపోగా దాని చుట్టూ కొత్త మరక చేరుతుంది. ఎండ సంగతి పసుపు రంగు దగ్గర చెబుతాను. లామినేషన్‌లో వేడికి కరిగిన జిగురు కాగితం పోగుల్లోకి దిగి గట్టిపడుతుంది. దాన్ని మళ్లీ విడదీసే పద్ధతి ఇంట్లో ఎవరికీ లేదు. లోపల ఉన్న ఆమ్లం మాత్రం కాగితాన్ని తింటూనే ఉంటుంది.

నేను పాటించేది ఒకటే. కాగితం మీద ఉన్నదాన్ని తీస్తాను, కాగితంలోకి దిగినదాన్ని వదిలేస్తాను. దుమ్ము, బొగ్గుపొడి, ఎండిన బూజు, పురుగుల రెట్ట పైన ఉండేవి. పసుపు రంగు, తుప్పు మరక, నూనె మరక, టేపు జిగురు లోపలికి దిగినవి. మొదటి రకం మీరు ఇంట్లో ఓపికగా చేసుకోవచ్చు. రెండో రకం మీద చేసే ప్రతి ప్రయోగమూ కాగితం బలాన్ని కొంత తీసుకుపోతుంది, అది తిరిగి రాదు.

పెట్టె తెరిచిన రోజే శుభ్రం చేయడానికి కూర్చోకండి. ముందు బూజు పట్టినవాటిని వేరు చేసి, మిగతావాటికి దూరంగా వేరే గదిలో పెట్టండి. ఆ పని చేసేటప్పుడు ఎన్95 మాస్కు తప్పనిసరి. ఆస్తమా ఉన్నవాళ్లు ఆ జోలికే పోకూడదు. ఇప్పుడు బూజును మెత్తటి కుంచె కొసతో ఒకచోట తాకి చూడండి. పొడిలా రాలితే అది నిద్రలో ఉన్నట్టు. మెత్తగా పాకుతూ రాసుకుంటే ఇంకా పెరుగుతోందని అర్థం, దాన్ని ఇప్పుడు తుడిస్తే కాగితంలోకి రుద్దినవాళ్లవుతారు. అలాంటివాటిని ఏసీ ఉన్న గదిలో, ఏసీని తేమ లాగే డ్రై మోడ్‌లో పెట్టి, పుస్తకాలను కొద్దిగా తెరిచి నిలబెట్టి, పొడిబారేదాకా ఆగండి. ఫ్యాను తిరగాలి గానీ గాలి నేరుగా పుస్తకం మీద కొట్టకూడదు. పెళుసు కాగితం ఆ గాలికే విరుగుతుంది.

పొడిబారాక బాల్కనీలోకి తీసుకెళ్లి, గాలి మీ వైపు నుంచి బయటికి వీచేలా నిలబడి, కుంచెతో దులపండి. వాక్యూమ్ క్లీనర్ ఉంటే దాని మూతికి దోమతెర గుడ్డ రెండు మడతలు కట్టి, కాగితానికి తగలకుండా కాస్త ఎత్తులో పట్టుకోండి. బూజు పొడి పోతుంది, దాని నీలి, నలుపు మచ్చలు ఉండిపోతాయి. ఆ మచ్చలతోనే బతకాలి. ఈ పనికి మన ఊళ్లో మంచి కాలం డిసెంబరు, జనవరి, అంటే సంక్రాంతికి ముందూ వెనుకా. మిగతా నెలల్లో సముద్రపు గాలిలోని చెమ్మ మీ పనిని వెనక్కి లాగుతూ ఉంటుంది. అక్టోబరు వానల్లో పెట్టె తెరవకపోవడమే మేలు.

పసుపు రంగు గురించి అందరూ అడుగుతారు, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. చౌక పత్రికలకు వాడిన కాగితం కలపను నూరి చేసినది. కలపను గట్టిగా పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థం అందులో అలాగే మిగిలిపోతుంది. గాలి, వెలుతురు తగిలే కొద్దీ అది రంగు మారుతూ ఆమ్లాలను పుట్టిస్తుంది. సిరా పాకకుండా కాగితం తయారీలో కలిపే పటిక కూడా ఆమ్లాన్నే పెంచుతుంది. ఆ ఆమ్లం కాగితం పోగులను ముక్కలు చేస్తుంది, వేడీ తేమా ఉంటే ఇంకా వేగంగా చేస్తుంది. అందుకే అంచులు ముందు ముదురుతాయి, మధ్య పేజీలు తెల్లగా ఉంటాయి. ఎండలో పెడితే వెంటనే ఒకోసారి తెల్లబడినట్టు కనిపిస్తుంది. కొందరు దాన్ని చూసే మోసపోతారు. ఆ వెలుతురే లిగ్నిన్‌ను మరింత చెడగొడుతుంది, కొన్నాళ్లకు కాగితం ముందుకంటే ముదురు రంగుకు తిరుగుతుంది. ముఖచిత్రం రంగులు వెలిసిపోవడం దానికి అదనం. బ్లీచింగ్ ద్రావణం, హైడ్రోజన్ పెరాక్సైడ్, వంటసోడా నీళ్లు, నిమ్మరసం, అన్నీ ఇదే కోవలోకి వస్తాయి. వీడియోల్లో తెల్లగా మెరిసే పేజీ చూపిస్తారు, ఏడాది తర్వాత ఆ పేజీ మడతపెడితే ఏమైందో చూపించరు. డెబ్బై ఏళ్ల చందమామ పసుపుగా ఉండడం దాని తప్పు కాదు, కొనేవాళ్లకు కూడా ఆ సంగతి తెలుసు.

ఇక అసలు పని. దీనికి కావలసినవి తక్కువే. మేకవెంట్రుకల మెత్తటి వెడల్పు కుంచె, స్మోక్ స్పాంజి అని అమ్మే పొడి రబ్బరు స్పాంజి, పెన్సిల్ గీతలు చెరిపే తెల్లటి వినైల్ రబ్బరు, మొద్దుగా ఉన్న సన్నని స్టీలు పలక. కుంచె ఏ బొమ్మల సామాను దుకాణంలోనైనా దొరుకుతుంది, స్పాంజి ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. గిన్నెలు తోమే స్పాంజి, గోడల మరకలు తీసే తెల్ల మెలమైన్ స్పాంజి దీనికి పనికిరావు. రెండోది నిజానికి సన్నటి గరుకు కాగితంతో సమానం, మెరుపు అట్టను గీరేస్తుంది. చేతులు సబ్బుతో కడిగి బాగా ఆరబెట్టుకుంటే చాలు. నూలు గ్లౌజులు సినిమాల్లో బాగుంటాయి గానీ, చిరిగిన అంచుకు తగులుకుని ఇంకా చింపుతాయి. బూజు పట్టినవాటికి మాత్రం పలుచని రబ్బరు గ్లౌజులు వేసుకోండి.

బల్ల మీద శుభ్రమైన తెల్ల కాగితం పరిచి, దాని మీద పుస్తకం పెట్టి, వెన్ను దగ్గర నుంచి అంచు వైపు కుంచెతో దులపండి. ఎప్పుడూ లోపలి నుంచి బయటికే. ప్రతి పేజీకీ ఈ పని చేయాలి. వెన్ను లోయలో పేరుకున్న ఇసుక, వెంట్రుకలు, చచ్చిన పురుగుల పొట్టు అక్కడే ఉండి పేజీలను కోస్తుంటాయి. సిల్వర్‌ఫిష్ అనే ఆ వెండిరంగు పురుగు తిన్నచోట కాగితం పైపొర గీరినట్టు పలుచబడి ఉంటుంది. అక్కడ కుంచె కూడా తేలికగా పోవాలి. బొద్దింక, ఈగ చుక్కలు ఎండి ఉబ్బుగా ఉంటే పలక అంచుతో పక్కనుంచి మెల్లగా లేపితే పైభాగం ఊడివస్తుంది. కింద మరక కనిపిస్తే అక్కడితో ఆగండి.

కుంచె తర్వాత స్పాంజి. దాన్ని చిన్న ముక్కలుగా కోసుకుని, ఒకే దిశలో, బరువు పెట్టకుండా లాగండి. అటూ ఇటూ రుద్దితే మడతలు లేస్తాయి. ముక్క నల్లబడగానే ఆ పొర కత్తిరించేసి కొత్త పక్క వాడండి. పోర్టు పక్కన వన్‌టౌన్, జ్ఞానాపురం వైపు ఇళ్ల నుంచి వచ్చే పుస్తకాల మీద ఒక నల్లటి పొడి ఉంటుంది, అది మామూలు దుమ్ము కాదు, బొగ్గుపొడి. వేలితో తాకితే జిడ్డులా పాకుతుంది. దాని మీద రబ్బరు పెట్టారంటే బూడిదరంగు చార శాశ్వతంగా మిగిలిపోతుంది. ముందు వాక్యూమ్‌తో లాగాలి, తర్వాత స్పాంజితో అద్దాలి, అద్దడమే గానీ లాగకూడదు. మీ ఇల్లు తీరం పక్కన కాబట్టి మీకు బొగ్గు కంటే ఉప్పు బాధ ఎక్కువ.

రబ్బరు అట్టల తెల్ల అంచులకు మాత్రమే. దాన్ని తురుముపీట మీద తురిమి, ఆ పొడిని మరక మీద చల్లి, వేలి కొసలతో గుండ్రంగా దొర్లించి, కుంచెతో ఊడ్చేయండి. నేరుగా రబ్బరుతో రుద్దడం కంటే ఇది ఎంతో నయం. ఒక్క రేణువు కూడా పుస్తకంలో మిగలకూడదు, వినైల్ మెత్తదనం కోసం కలిపే నూనెలు తర్వాత కాగితానికి పడతాయి. రంగు ఉన్నచోట రబ్బరు పెట్టకండి. మీ చందమామల్లో వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రాలున్నవి తప్పకుండా ఉంటాయి. ఆయన వేసిన ఆ నీలాలు, కాషాయాలు రబ్బరు దెబ్బకు మసకబారితే మళ్లీ రావు. చేవ్రాలు ఉన్న మూలను అసలు ముట్టుకోకండి.

నాన్నగారు ఫౌంటెన్ పెన్నుతో అట్ట మీద పేరు రాసుకున్నారన్నారు. దాన్ని తీయాలని ఎందుకు అనుకుంటున్నారో నాకు అర్థం కాలేదు. ఆ సిరా నీటికి కరిగి పాకుతుంది, స్పిరిట్‌కు ఇంకో రకంగా పాకుతుంది. తీసినా కలం గాడి కనిపిస్తూనే ఉంటుంది. అద్దె లైబ్రరీల ముద్రలకూ ఇదే జవాబు. పుస్తకం ఎవరి చేతుల్లో తిరిగిందో చెప్పే గుర్తులవి, ఉండనివ్వండి.

పిన్నుల విషయానికి వస్తే, విశాఖలో పాత పత్రికలకు పెద్ద శత్రువు అదే. గాలిలోని ఉప్పు ఇనుము తుప్పును వేగం చేస్తుంది. తుప్పు పిన్నుతో ఆగదు, చుట్టూ ఉన్న కాగితంలోకి ఇనుము దిగి, అక్కడ పోగులు విరిగిపోయేలా చేస్తుంది. అందుకే అట్ట మొదట పిన్ను దగ్గరే ఊడుతుంది. పిన్ను పైన పలుచటి గోధుమరంగు పొర మాత్రమే ఉంటే వదిలేయండి. పొక్కులు లేచి, కాగితానికి అంటుకుని ఉంటే తీయాలి. ఆఫీసుల్లో పిన్నులు పీకే పట్టుకారు వాడకూడదు, అది పిన్నుతో పాటు కాగితాన్నీ పీకుతుంది. మధ్య పేజీ తెరిచి, పిన్ను కాళ్ల కింద సన్నని పాలిథిన్ ముక్క దూర్చి, స్టీలు పలకతో ఒక్కో కాలును నిటారుగా లేపండి. అతుక్కుపోయి ఉంటే పలకను పిన్ను పొడవునా మెల్లగా కదుపుతూ తుప్పు పట్టు వదిలించాలి. తర్వాత పుస్తకం మూసి, వెన్ను వైపు నుంచి బయటికి జార్చండి. పిన్ను విరిగితే విరగనివ్వండి, కాగితం చిరగకూడదు.

తీసిన చోట మళ్లీ స్టేప్లర్ కొట్టకండి. పాత రంధ్రాల్లోంచే, మైనం పూయని తెల్ల నూలు దారంతో, వదులుగా ఒక్క కుట్టు వేసి లోపల ముడి వేస్తే సరిపోతుంది. రంధ్రం పెద్దదై కాగితం పోయి ఉంటే, ముందు లోపలి వైపు చిన్న జపాన్ టిష్యూ ముక్కతో (దాని సంగతి కింద చెబుతాను) బలం ఇచ్చి తర్వాత కుట్టాలి. అమ్మే ఉద్దేశం ఉంటే పాత పిన్నులను చిన్న కవరులో వేసి, ఆ సంచిక పేరు రాసి, విడిగా ఇవ్వండి. సేకరించేవాళ్లలో కొందరికి పిన్నులు మార్చిన సంగతి తెలియాలి, దాచిపెడితే పేచీ వస్తుంది.

సెల్లోటేపు. దీని మీద నాకు పాత కక్ష ఉంది. వెన్ను చిరగగానే ఇంట్లో ఎవరో ఒకరు ప్రేమగా అంటిస్తారు. మొదట్లో బాగానే ఉంటుంది. కొన్నేళ్లకు రబ్బరు జిగురు మెత్తబడి నూనెలా కాగితంలోకి దిగుతుంది, ఆ దశలో అవతలి పేజీలోంచి అక్షరాలు కనిపిస్తాయి. ఇంకొన్నేళ్లకు గట్టిపడి ముదురు పసుపుకు తిరుగుతుంది, పైనున్న ప్లాస్టిక్ దానంతటదే ఊడి రాలుతుంది. మీ ఫొటోల్లో రెండు రకాలూ కనిపిస్తున్నాయి. ప్లాస్టిక్ ఊడి వస్తున్నదైతే పలకతో అడుగునుంచి మెల్లగా లేపి తీసేయండి, మిగిలిన గట్టి మరకను వదిలేయండి. ఇంకా అంటుకుని ఉన్నదాన్ని లాగారంటే ముఖచిత్రం పైపొర దానితో పాటే వస్తుంది. హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడిలో దూరంగా పట్టి, జిగురు కాస్త మెత్తబడ్డాక, టేపును దాదాపు దాని మీదికే మడిచి కొద్దికొద్దిగా లాగాలని అంటారు. లోపలి పేజీల మీద, పనికిరాని చిరిగిన సంచికలో సాధన చేశాక ప్రయత్నించవచ్చు. ముఖచిత్రాల మీద మాత్రం వద్దు. పెట్రోలు, థిన్నర్, గోళ్లరంగు తుడిచే ద్రవం అన్నీ జిగురును కరిగిస్తాయి, అచ్చు రంగులనూ కరిగిస్తాయి, రెండింటినీ కలిపి కాగితం లోతుకు పంపిస్తాయి. ఆ ద్రావకాల పని గాలి లాగే ఏర్పాటు ఉన్న గదిలో, తడిని కింది నుంచి పీల్చే చూషణ బల్ల మీద, చదువుకున్న నిపుణులు చేయవలసినది.

చిరుగులు అతికించడానికి జపాన్ టిష్యూ అనే పొడవాటి పోగుల పలుచని కాగితం కావాలి. చదరపు మీటరుకు 5 నుంచి 10 గ్రాముల మధ్య ఉన్నది పత్రికలకు బాగుంటుంది. దాన్ని కత్తెరతో కోయకుండా, తడి కుంచెతో గీత గీసి చేత్తో చింపితే అంచున పోగులు మిగులుతాయి. ఆ పోగులే పట్టు. జిగురుగా గోధుమ గంజి శ్రేష్ఠమని పుస్తకాల్లో ఉంటుంది. మన ఊరి చెమ్మకు నేను మిథైల్ సెల్యులోజ్ వైపే మొగ్గుతాను. పట్టు కొంచెం తక్కువే గానీ పురుగుకు రుచించదు, బూజు కూడా అంత తొందరగా పట్టదు, కావలసినప్పుడు కాస్త తడితో తీసేయవచ్చు. అతి పలుచగా పూసి, అతికించిన వెంటనే పైనా కిందా అద్దుడు కాగితం (బ్లాటింగ్ పేపరు), దాని పైన బరువు పెట్టి ఆరనివ్వాలి. ఎక్కువ తడి అయితే మొదట చెప్పిన గోధుమరంగు అంచు ఇక్కడా వస్తుంది.

ఫెవికాల్ వద్దు, ఆరాక గట్టిపడి అతుకు పక్కనే కాగితం విరుగుతుంది, తీయడమూ కష్టం. పాతకాలపు బైండర్లు మైదా జిగురులో పురుగు పట్టకుండా మైలతుత్తం కలిపేవారు. పురుగు సంగతి నిజమే, కానీ ఆ రాగి లవణం కాగితానికి విషం. మీ బైండు సంపుటాల్లో వెన్ను దగ్గర లేత నీలి, ఆకుపచ్చ ఛాయ ఉంటే కారణం అదే.

ఆ బైండు సంపుటాలను విడదీయాలని అనుకుంటున్నారు కదా. అక్కర్లేదు. బైండరు మూడు వైపులా కత్తిరించి ఉంటాడు, పక్కనుంచి సూదితో పొడిచి కుట్టి ఉంటాడు, చాలాసార్లు ముఖచిత్రాలు తీసేసి ఉంటాడు. విడదీసినా అవి విడి సంచికల విలువకు రావు, పైగా కుట్టు రంధ్రాల దగ్గర చిరుగుతాయి. బైండు గట్టిగా ఉండడం వల్ల వాటి లోపలి పేజీలే మీ దగ్గరున్న వాటన్నింటిలో మంచి స్థితిలో ఉండవచ్చు. దుమ్ము దులిపి, అలాగే నిలబెట్టండి.

మడతలు, ముడతలు పోవాలంటే ఇస్త్రీపెట్టె ఆలోచన మానండి. అమెరికన్ కామిక్స్ వాళ్లు వేడి ప్రెస్సులు వాడతారు, ఆ పద్ధతి తేమనూ వేడినీ లెక్కగా ఇవ్వగలిగిన వాళ్లకే. మీకు చల్లటి ఒత్తిడి చాలు. పుస్తకాన్ని రెండు అద్దుడు కాగితాల మధ్య, వాటిని రెండు నున్నటి ప్లైవుడ్ పలకల మధ్య పెట్టి, పైన నిఘంటువులు పేర్చి, రెండు మూడు వారాలు మరచిపోండి. పెళుసైన మడతను ముందుగా వేలితో తిరగ్గొట్టి సరిచేయబోకండి, అక్కడే విరుగుతుంది.

ధర విషయం. 1964లో మొదలై 1990లో ఆగిపోయిన ఇంద్రజాల్ కామిక్స్ కోసం దేశమంతా వెతికేవాళ్లున్నారు. 1947 జులైలో మొదలైన చందమామ తొలి సంవత్సరాల సంచికలకూ ఉన్నారు. వాళ్లు చూసేది అట్ట ఉందా, అన్ని పేజీలూ ఉన్నాయా, మధ్య పేజీ ఊడిపోలేదా, కత్తిరించలేదా అని. తళతళ వాళ్లకు అనుమానం పుట్టిస్తుంది. అమెరికాలో 2000లో మొదలైన సీజీసీ అనే గ్రేడింగ్ సంస్థ తీరు చూస్తే ఇది స్పష్టమవుతుంది. పొడిగా శుభ్రం చేయడాన్ని, ఒత్తడాన్ని వాళ్లు పునరుద్ధరణగా లెక్కించరు. రంగు అద్దితే, పోయిన ముక్క స్థానంలో కొత్త కాగితం అతికిస్తే ఊదారంగు చీటీ వేస్తారు, ఆ చీటీ పడితే ధర బాగా తగ్గుతుంది. స్కెచ్ పెన్నుతో వెన్ను మీది తెల్ల గీతలను కప్పేసే అలవాటు మన దగ్గరా వచ్చింది. దీపం కింద పక్కనుంచి చూస్తే వెంటనే దొరికిపోతుంది. చిరిగిన అంచులు సమం చేయడానికి కత్తిరించడం అంతకంటే ఘోరం. మీరు చేసినదేదైనా ఒక కాగితం మీద రాసి పుస్తకంతో పాటు ఉంచండి.

తుపాను గురించి కూడా చెప్పాలి, మీ ఇల్లు ఉన్న చోటు అలాంటిది. తడిసిన పత్రికను రెండు రోజుల్లోపు ఆరబెట్టలేకపోతే పాలిథిన్ కవరులో పెట్టి ఫ్రీజర్‌లో గడ్డకట్టించమని ప్రపంచమంతా చెబుతుంది. అది సరైన సలహాయే, బూజును ఆపుతుంది, తర్వాత తీరిగ్గా ఒక్కొక్కటి తీసి ఆరబెట్టుకోవచ్చు. కానీ 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మన ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు, ఫ్రీజర్ ఉన్నా లేనట్టే. అప్పుడు పని చేసేది చేతులు మాత్రమే. మెరుపు అట్టలున్నవాటికి ముందు ప్రాధాన్యం ఇవ్వాలి, ఎందుకంటే ఆ మెరుపు పొర తడిసి ఆరితే జిగురులా పక్క పేజీకి అంటుకుపోతుంది. తడిగా ఉండగానే అట్టకూ పేజీకీ మధ్య బటర్ పేపరు దూర్చాలి. మిగతావాటిలో కొన్ని పేజీలకొకటి చొప్పున అద్దుడు కాగితమో, అచ్చు లేని తెల్ల న్యూస్‌ప్రింటో పెట్టి, తడిసినకొద్దీ మారుస్తూ, గాలి అటు నుంచి ఇటు వీచే గదిలో పరచాలి. అచ్చు ఉన్న దినపత్రిక పెడితే దాని సిరా అంటుకుంటుంది. కాబట్టి అక్టోబరుకు ముందే ఒక బటర్ పేపరు చుట్ట ఇంట్లో ఉంచుకోండి.

దాచడం మీద మీరు ఒక్క వాక్యమే అడిగారు, నాకు మాత్రం శుభ్రం చేయడం కంటే ఇదే ముఖ్యం. గాలిలో తేమ 65 శాతం దాటి నిలిస్తే బూజు మళ్లీ వస్తుంది, మన ఊళ్లో అది దాటని నెలలు తక్కువ. తేమను చూపే చిన్న డిజిటల్ మీటరు కొని బీరువాలో పెట్టండి. అటక వద్దు, అది ఇంట్లో అన్నిటికంటే వేడి చోటు. బయటి గోడకు ఆనించిన బీరువా వద్దు, వానాకాలంలో ఆ గోడ చెమ్మగిల్లుతుంది. లోపలి గోడ దగ్గర, నేలకు కాస్త ఎత్తులో పెట్టండి. రాత్రి ఏసీ వేసి పగలు ఆపేసే గదిలో తేమ పైకీ కిందికీ ఊగుతుంది. దానికంటే ఏసీ లేని, గాలి ఆడే గది నయం.

కవర్లకు పాలిప్రొపిలీన్ గానీ పాలియెస్టర్ గానీ మంచివి. మెత్తగా, ఘాటైన ప్లాస్టిక్ వాసన వచ్చేవి పీవీసీ, అవి నూనె వదిలి అచ్చును లాగేస్తాయి. లోపల ఆమ్లం లేని, కాల్షియం కార్బొనేట్ కలిపిన అట్ట పెట్టండి, కొత్త బట్టల మధ్య వచ్చే బూడిదరంగు అట్ట కాదు. కామిక్స్ కోసం అమ్మే కవర్లు చందమామకు అమరకపోవచ్చు, కొలిచి కొనండి. కవరు నోరు టేపుతో మూయకుండా వదులుగా మడిచి ఉంచండి, లోపలి ఆమ్లపు ఆవిరి బయటికి పోవాలి. సిలికా జెల్‌లో నారింజ రంగుది తీసుకోండి, నీలిరంగుదానిలో ఉండే కోబాల్ట్ ఆరోగ్యానికి మంచిది కాదు. అది తన బరువులో దాదాపు మూడో వంతు తేమను పీల్చుకుంటుంది, రంగు మారగానే ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర వేడి చేస్తే మళ్లీ పనికొస్తుంది. తలుపులు సరిగా మూసుకోని బీరువాలో సిలికా జెల్ పెట్టడం దండగ, మొత్తం వీధిలోని తేమను అది పీల్చలేదు.

కలరా ఉండలు వద్దు. ఆ ఆవిరి పుస్తకాల మీద, ప్లాస్టిక్ కవర్ల మీద పేరుకుంటుంది, చిన్నపిల్లలున్న ఇంట్లో ప్రమాదం కూడా. వేపాకు పెట్టాలనిపిస్తే పూర్తిగా ఎండినది గుడ్డలో కట్టి బీరువా అర మూలన పెట్టండి, పేజీల మధ్య కాదు, పచ్చిదనం మిగిలితే మరక పడుతుంది. పురుగు ఉందని అనుమానం వస్తే పుస్తకాన్ని గట్టిగా మూసిన పాలిథిన్ కవరులో రెండు వారాలు ఫ్రీజర్‌లో ఉంచండి. బయటికి తీశాక ఒక రోజంతా కవరు విప్పకండి, నీటి చుక్కలు కవరు పైనే పట్టాలి.

ఇక ఆ అతుక్కుపోయిన రెండు సంచికలు. వాటిని విడదీసే ప్రయత్నం ఇప్పుడు చేయకండి. ఆవిరి పట్టమని ఎవరైనా చెప్పినా వినకండి. వెలుతురు పక్కనుంచి పడేలా పెట్టి, అతుకు కనిపించేలా అంచు ఫొటోలు రెండు తీసి పంపండి. అతుక్కున్నది అట్టా అట్టా అయితే, మెరుపు పొర అతుకు కాబట్టి నిపుణుల ప్రయోగశాలకే పంపాలి. ఒకవైపు లోపలి పేజీ అయితే అది చాలావరకు బూజు పట్టు, కొన్నిసార్లు పొడిబారాక పలక దూర్చడానికి సందు దొరుకుతుంది. సంచిక నెల, సంవత్సరం కూడా రాయండి, దాని అట్ట ఏ రకం కాగితమో అంచనా వేయడానికి పనికొస్తుంది.